వాల్వు యాంప్లిఫైయరునకు తగిన లౌడు స్పీకరు



మా గ్రామ గ్రంథాలయమునందు ఒక పాత వాల్వు యాంప్లిఫైయరు కలదు. రేడియోనుండి గాని మైకునుండి గాని వచ్చు సన్నని విద్యుత్తరంగమును బలపఱచి లౌడు స్పీకరున కందించు పెట్టెకే యాంప్లిఫైయరు అని పేరు. కొన్ని యేండ్ల క్రిందట దీనిని పాత సామానులు కొనువానికి తూకమున అమ్మివేయవలెనని గ్రంథాలయ సంఘము తీర్మానించినది. లోపలి ట్రాన్స్‌ఫార్మరులలో రాగి యెంత యుండునో, దాని కేమి వెల వచ్చునో లెక్క కూడ కట్టితిమి. ఆ తీర్మానముపై చేవ్రాలు చేసినవారిలో నేనొకడను. పెట్టె చెడిపోయినదని అందఱమును నమ్మితిమి. తీరా విచారింపగా పెట్టె నిక్షేపముగ నున్నదనియు, మేము దానికి తగిలించిన లౌడు స్పీకరే దానికి ఈడు కాదనియు తెలిసినది. మీ యూళ్లలోను అటకలమీద పాత వాల్వు రేడియోలు, యాంప్లిఫైయరులు దుమ్ము పట్టి యుండవచ్చును. వానిని తూకమున కిచ్చుటకు ముందు మా యనుభవమును వినుట మంచిదని తలచి ఈ విషయమును గూర్చి మాటలాడ బూనితిని.

ఆ యాంప్లిఫైయరు 1960 ప్రాంతమున కొన్నది. దానిలో చివరి పని చేయునది ఇ.ఎల్. 84 అను వాల్వు ఒక్కటే. ఆ వాల్వు ఒంటరిగ పనిచేయునప్పుడు ఇయ్యగల శక్తి సుమారు 5 వాట్లు. పెండ్లి పందిళ్ల యొద్ద వందల వాట్ల పెట్టెలను చూచుచున్న నేటి పిల్లలకు 5 వాట్లనగా నవ్వు వచ్చును. దాని మొదటి స్పీకరులోని కాగితపు గరాటును ఎలుకలు కొఱికివేయగా, ఒక దాత పట్టణమునుండి క్రొత్త స్పీకరు నొకదానిని తెప్పించి యిచ్చెను. మూరెడెత్తు పెట్టె, నున్నని మెఱుగు, చూచుటకు ముచ్చటగ నుండెను. వార్తలు వినుచున్నంతకాలము చిక్కు రాలేదు. ఒకనాటి సాయంకాలము ఇరువదిమందిమి అరుగుపై చేరి సంగీత కచేరి వినబోతిమి. వెనుకవారికి వినబడుట లేదని మీట త్రిప్పితిమి. గాయకుడు తారస్థాయి నందుకొనునప్పటికి గొంతు బీటవారిన కుండవలె పలికినది. మృదంగపు ఎడమమూతపై దెబ్బ పడినపుడెల్ల పాట ఒక్క క్షణము మునిగి లేచుచుండెను. మెకానిక్కు వచ్చి వాల్వు బలహీనపడినదని చెప్పి మార్చెను. మరల అదే తంతు. రెండవమాఱును మార్చెను. రెండు వాల్వుల వెలయు, అతని రాకపోకల ఖర్చును అయినవి గాని గొంతు బాగుపడలేదు. అమ్మకపు తీర్మానము అప్పటిది.

సామానులవాడు రావలసిన వారములోనే మా మేనల్లు డొకడు సెలవులకు వచ్చెను. ఇంజనీరింగు చదివినవాడు. "మామయ్యా, ఈ స్పీకరు వెనుక నున్న అంకెను ఎవరైనను చూచినారా?" అని యడిగెను. స్పీకరు వెనుక 86 డెసిబెల్‌లు అని వ్రాసి యుండెను. మెకానిక్కుతో సహా ఒక్కరును చూచి యుండలేదు.

ఆ అంకె యేమనగా, స్పీకరునకు ఒక వాటు శక్తి నిచ్చి, దాని యెదుట ఒక మీటరు దూరమున శబ్దమెంత వచ్చునో కొలుతురు. దీనిని స్పీకరు యొక్క సున్నితత్వ మందురు. సున్నితమనగా ఇచట త్వరగ చెడునదని యర్థము కాదు. కొద్ది ప్రేరణకే గట్టిగ పలుకునదని యర్థము. ఇద్దఱు ఎదురెదురుగ నిలిచి మామూలుగ మాటలాడుకొను శబ్దము సుమారు 60 డెసిబెల్‌లు. ఈ డెసిబెల్ లెక్క చక్రవడ్డీ తెలిసినవారికి క్రొత్త కాదు. శబ్దము 3 డెసిబెల్‌లు పెరుగవలెనన్న శక్తి రెట్టింపు కావలెను. 10 పెరుగవలెనన్న పదిరెట్లు కావలెను. 20 పెరుగవలెనన్న నూరురెట్లు కావలెను.

మా యరుగు లెక్కను మేనల్లుడు బలపముతో నేలమీదనే వేసి చూపెను. వెనుకవరుస స్పీకరునకు నాలుగు మీటర్ల దూరము. ఆరుబయట నైనచో అంత దూరము పోవుసరికి 12 డెసిబెల్‌లు తగ్గును. గోడలు, పైకప్పు కొంత తిరిగి యిచ్చుటచేత మాకు 10 తగ్గునని యనుకొంటిమి. వెనుకవానికి హాయిగ వినబడుటకు సగటున 75 డెసిబెల్‌లు చాలును. కాని సంగీతము ఎల్లప్పుడును సగటుననే నడువదు. తారషడ్జమము వచ్చినప్పుడు, మృదంగము గట్టిగ మ్రోగినప్పుడు క్షణకాలము 15 డెసిబెల్‌లు పైకి లేచును. కావున ఆ క్షణమున వెనుకవరుసలో 90, స్పీకరునకు మీటరు దూరమున 100 రావలెను. 86 నుండి 100కు 14 డెసిబెల్‌లు. 14 డెసిబెల్‌లనగా ఇంచుమించు 25 రెట్లు. అనగా ఆ క్షణమునకు 25 వాట్లు కావలెను. మా పెట్టె యియ్యగలది 5. తక్కిన 20 వాట్లు తేలేక అది తరంగపు శిఖరములను తెగగొట్టును. మేము విన్న పగులు అదియే. వాల్వును ఎన్నిమాఱులు మార్చినను ఈ లెక్క మాఱదు. ఇక 97 డెసిబెల్‌ల స్పీకరును తగిలించినచో కావలసినవి 3 డెసిబెల్‌లే. అనగా 2 వాట్లు. మా పాత పెట్టెలో సగముకంటె ఎక్కువ బలము మిగిలియే యుండును.

ఈ మాట వినగానే నాకు చిన్ననాటి పంచాయతీ రేడియో జ్ఞప్తికి వచ్చినది. విద్యుద్దీపములు రాని యూరిలో బ్యాటరీపై నడచు వాల్వు రేడియో అది. అట్టి సెట్టులలో డి.ఎల్. 92 వంటి వాల్వులు ఇచ్చు శక్తి సుమారు పావు వాటు మాత్రమే. ఆ పావు వాటునకే రచ్చబండ చుట్టును కూర్చున్నవారందఱును పొలము ధరలు, వాతావరణము విని లేచిపోవుచుండిరి. నాటి నిశ్శబ్దము కొంత తోడ్పడిన మాట నిజమే. కాని ఆ సెట్టు చేసినవారు స్పీకరును ఎంచుకొనుటలో చూపిన జాగ్రత్త అంతకంటె ఎక్కువ పని చేసినది. దాని కాగితపు గరాటు వెడల్పుగను, మిక్కిలి తేలికగను ఉండెడిది.

స్పీకరులో నున్న తీగచుట్ట అయస్కాంతపు సందులో ముందునకు వెనుకకు కదలి గరాటును ఆడించును. గరాటు గాలిని నెట్టును. మన మిచ్చిన శక్తిలో శబ్దమగునది బహు స్వల్పము. 86 డెసిబెల్‌ల స్పీకరులో వేయింటికి రెండుమూడు పాళ్లే శబ్దమగును. తక్కినదంతయు తీగచుట్టలో వేడిమియై పోవును. 97 డెసిబెల్‌ల దానిలో నూటికి మూడు పాళ్లు శబ్దమగును. వెడల్పైన తాటాకు విసనకఱ్ఱకు, అఱచేతియంత అట్టముక్కకు ఉన్న భేదమును వేసవిలో విసరుకొన్నవారందఱు నెఱుగుదురు. చేతి శ్రమ యొక్కటియే, గాలి వేఱు. మఱి అందఱును పెద్ద తేలిక గరాటులనే యేల చేయరని మీ రడుగవచ్చును. చిన్న పెట్టెనుండి లోతైన మంద్రస్వరము రావలెనన్న గరాటును బరువుగ చేయక తప్పదు. బరువైనదానిని కదలించుటకు శక్తి యెక్కువ కావలెను. చిన్న పెట్టె, లోతైన మంద్రము, అధిక సున్నితత్వము, ఈ మూడును ఒకచోట చేరవు. రెంటిని కోరినవాడు మూడవదానిని వదలుకొనవలసినదే. హాఫ్‌మన్ అను అమెరికా ఇంజనీరు పేర ఈ నియమము చెప్పబడుచున్నది.

గరాటుతోనే తృప్తిపడక దాని ముందు బాకావంటి హారనును అమర్చినచో ఫలము ఇంకను హెచ్చును. అవతలి గట్టుమీది మనిషిని పిలుచునప్పుడు మనము రెండు చేతులను నోటికి ఇరుప్రక్కల దోసిలివలె పెట్టుకొందుము. గొంతులో బలము పెరుగలేదు; ఉన్న బలము గాలికి చక్కగ అందినది. నాదస్వరపు చివర విచ్చుకొన్న గంటవంటి భాగమును అట్టి పనియే చేయును. సన్నని మొదట బలముగ కదలిన గాలి, క్రమముగ విచ్చుకొన్న దారిన పోయి, బయటి విశాలమైన గాలితో కుదుపు లేక కలియును.

ఈ విద్య పరాకాష్ఠ నందినది అమెరికా దేశపు సినిమాశాలలలో. 1926 ఆగస్టు 6వ తేదీన న్యూయార్కులో డాన్ జువాన్ అను చిత్రమును రికార్డు చేసిన సంగీతముతో ప్రదర్శించిరి. ఆ యంత్రపరికరములు వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారివి. వందలకొలది జనము కూర్చున్న శాలను శబ్దముతో నింపవలెను. నాటి వాల్వులు ఇయ్యగలదో కొద్ది వాట్లు. కావున వారి ఇంజనీరులు స్పీకరును పట్టుకొనిరి. బెల్ ప్రయోగశాలలోని వెంటీ, థూరాస్ అను ఇద్దఱు హారనునకు తగిన ఒక ధ్వనియంత్రమును నిర్మించి 1928లో దానిని గూర్చి వ్యాసము ప్రకటించిరి. దానికి 555 అని పేరు. నత్తగుల్లవలె చుట్టుకొన్న పెద్ద చెక్క హారనుతో కూర్చినప్పుడు, అనుకూలమైన స్థాయిలలో, ఇచ్చిన శక్తిలో సగము వఱకు శబ్దముగ మాఱెడిది. మన మూరెడు పెట్టెలో వేయింటికి రెండుమూడని చెప్పుకొంటిమి. ఇచట వేయింటికి అయిదు వందలకు దగ్గఱ! 1930 దశాబ్దిలో ఆ సంస్థవారు చిన్న సినిమాశాలలకు ఇచ్చిన 91-ఎ అను యాంప్లిఫైయరు, చివర ఒకే యొక 300-ఎ వాల్వుతో సుమారు 8 వాట్లు మాత్రమే యిచ్చెడిది. ఒక యింటి గదికి నేడు 100 వాట్లు చాలవనువారు ఈ సంగతిని ఒకమాఱు తలచుకొనవలెను.

ఇండ్లకు తగిన హారను స్పీకరును పాల్ క్లిప్ష్ అను నతడు అర్కాన్సా రాష్ట్రములోని హోప్ అను పట్టణమున 1946లో సంస్థ స్థాపించి తయారుచేసెను. దానిని గది మూలలోనే నిలుపవలెను. రెండు గోడలును హారనునకు పొడిగింపుగ పనిచేయును. దాని సున్నితత్వము సుమారు 105 డెసిబెల్‌లని తయారుచేసినవారు చెప్పుచున్నారు. అయితే అది బీరువా యంత వస్తువు. 1954లో ఎడ్గర్ విల్చర్ అను నతడు గాలి చొరని చిన్న పెట్టెనుండి లోతైన మంద్రమును రప్పించుమార్గము చూపగనే జనము దానివైపు మొగ్గిరి. చిన్న పెట్టె శక్తిని మ్రింగును. 1960 తరువాత ట్రాన్సిస్టరులు వచ్చి శక్తిని చౌక చేసినవి. ఇఱుకు గదులలో కాపురముండువారిని నేను తప్పు పట్టను. కాని నాటినుండి స్పీకరు నడుగక వాట్లనే యడుగు అలవాటు పాదుకొన్నది. మా దాతగారు కూడ కొట్టులో అట్లే అడిగి యుందురు.

ఇక మా కథ. మేనల్లుడు చెప్పినట్టి స్పీకరు కొఱకు వెదుకగా, ప్రక్కయూరిలో ఒకప్పుడు టూరింగు టాకీసు నడపినవారి పశువులకొట్టములో దొరకినది. ఛాతీ యెత్తు చెక్కపెట్టె, లోపల 15 అంగుళముల గరాటు. వెనుకవైపు అయస్కాంతము ఇద్దఱు పట్టి యెత్తవలసినంత బరువు. పెట్టె యడుగున కోడి పొదుగుచుండెను. పిల్లలు లేచువఱకు ఆగుడని ఆ యింటి యవ్వ పట్టుపట్టగా పదిదినములు ఆగితిమి. తెచ్చి, తుడిచి, కొలిచి చూడగా 97 డెసిబెల్‌లు వచ్చినది.

ఆత్రముతో పాత తీగలనే తగిలించి పెట్టగా గొంతు పలుచగ, బిఱుసుగ వచ్చినది. మేనల్లుడును ఒక నిమిషము తెల్లబోయెను. పిమ్మట యాంప్లిఫైయరు వెనుక చూడగా 4, 8, 15 అని మూడు మఱలు కలవు. పాత తీగ 4వ అంకె యొద్ద నున్నది; ఈ స్పీకరుపై వ్రాసినది 15 ఓములు. ఓము అనునది విద్యుత్తునకు కలుగు అడ్డంకి యొక్క కొలత. వాల్వు పనిచేయుటకు తన యెదుట వేలకొలది ఓముల బరువును కోరును. స్పీకరులో నున్నవి నాలుగో, ఎనిమిదో, పదునైదో. ఈ రెంటిని కుదుర్చు పెద్దమనిషి యాంప్లిఫైయరులోని చివరి ట్రాన్స్‌ఫార్మరు. దానిలో ఒక ప్రక్క చుట్లు రెండవ ప్రక్కకు 20 రెట్లున్నచో, ఓములు 400 రెట్లుగ కనబడును. 8 ఓముల స్పీకరు వాల్వునకు 3200 ఓములుగ తోచును. తప్పు మఱకు బిగించినచో వాల్వు తనకు తగని బరువును లాగవలసి వచ్చును. ఎత్తు చాలని యెద్దును కాడికి కట్టినట్లగును. తీగను 15వ మఱకు మార్చగనే గొంతు నిండుకొన్నది.

మరియొక సూక్ష్మము. 8 ఓములని వ్రాసిన స్పీకరు అన్ని స్వరములకును 8 ఓములుగ నుండదు. ఒకచోట 4కు దిగును, మరియొకచోట 30కి ఎక్కును. ట్రాన్సిస్టరు పెట్టెలు సాధారణముగ దీనిని లెక్కచేయవు. ట్రయోడు అను జాతి వాల్వులతో చేసిన చిన్న యాంప్లిఫైయరులు అట్లు కాదు. వానికి తమలోనే రెండుమూడు ఓముల అడ్డంకి యుండును. అట్టి పెట్టెలో, స్పీకరు 30 ఓములున్నచోట పలికిన స్వరమునకును, 4 ఓములున్నచోట పలికిన స్వరమునకును మూడున్నర డెసిబెల్‌ల భేదము వచ్చును. ఒక స్వరము ఉబికి, ఒకటి అణగును. కావున చిన్న వాల్వుపెట్టెకు స్పీకరును ఎంచునప్పుడు సున్నితత్వపు అంకెతోపాటు, ఓములు మఱీ క్రిందికి దిగకుండ సమముగ నుండునా అనియు విచారింపవలెను.

300-బి అను ట్రయోడు 8 వాట్లకు, 2ఎ3 అనునది మూడున్నర వాట్లకు ప్రసిద్ధికెక్కినవి. 300-బి వాల్వులు నేటికిని తయారగుచున్నవి. ఒక్క జత వెలతో మంచి పాడిగేదెను కొనవచ్చునని విని నేను విస్తుపోతిని. వాల్వులో ఏదో మహిమ కలదని చెప్పి అమ్మువారు కలరు. నాకు తోచినంతవఱకు ఆ మాధుర్యములో పెద్దపాలు స్పీకరుదే. మా 97 డెసిబెల్‌ల పెట్టెకు ఒక చౌకరకపు ట్రాన్సిస్టరు యాంప్లిఫైయరును తగిలించి చూచితిమి. అదియు చక్కగనే పలికినది. అరుగుమీదివారిలో సగముమంది భేదము కనుగొనలేదు. నేనును ఆ సగములోనివాడనే.

కొన్ని జాగ్రత్తలు చెప్పవలసి యున్నది. సున్నితమైన స్పీకరు పాటతోపాటు యాంప్లిఫైయరులోని జుమ్మను రొదను కూడ పెంచి చూపును. మూరెడు పెట్టెలో వినబడని రొద మాకు క్రొత్తగ వినబడినది. ఉబ్బిపోయిన పాత కెపాసిటరులను మార్పించిన పిమ్మట తగ్గినది. సున్నితత్వము ఎక్కువయని గుడిగోపురముపై కట్టు లోహపు హారనును తెచ్చి సంగీతమునకు పెట్టకుడు. దాని యంకె 105కు పైననే యుండవచ్చును గాని మంద్రస్వరములు దానిలో బొత్తిగ పలుకవు. అది మాటలను దూరము పంపుటకు ఏర్పడినది. స్వాతంత్ర్యోద్యమపు సభల చిత్రములలో నాయకుల యెదుటి మైకులపై షికాగో రేడియో అను పేరును చూచియే యుందురు. ఆ సభలలో వేలమందికి మాట వినిపించినవి వాల్వు పెట్టెలును, ఇట్టి హారనులును.

స్పీకరు తగిలింపక వాల్వు యాంప్లిఫైయరును ఎన్నడును నడపరాదు, ట్రాన్స్‌ఫార్మరు మాడిపోవచ్చును. అంతకంటె ముఖ్యమైనది ప్రాణభయము. ఆ పెట్టెలో 300 వోల్టులు మొదలు 450 వోల్టుల వఱకు ఉండును. మీట ఆపి, తీగ ఊడదీసిన పిమ్మట కూడ కెపాసిటరులలో ఆ విద్యుత్తు నిలిచియుండి మనిషిని చంపగలదు. మూత విప్పు పనిని తెలిసినవానికే వదలుడు. పిల్లలను దగ్గఱకు రానీయకుడు.

గ్రంథాలయ సంఘము తన తీర్మానమును రద్దు చేసికొన్నది. సామానులవాడు బండితో వచ్చి ఊరక తిరిగిపోయినందుకు అతనికి పాత పత్రికల కట్టలు ఇచ్చి పంపితిమి. ఇప్పుడు ఇరువదిమంది కూర్చున్నను మీట సగము కూడ త్రిప్పనక్కఱలేదు. దాతగారిచ్చిన మూరెడు పెట్టె ఏమైనదని మీ రడుగుదురు. ఆయన యనుమతితో దానిని మా యూరి పాఠశాల కిచ్చి, 30 వాట్ల ట్రాన్సిస్టరు యాంప్లిఫైయరుతో కూర్చితిమి. ఉదయపు ప్రార్థన దానిలో స్పష్టముగ వినబడుచున్నది.